మెరుపున్న సగం

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోని ఓ రేకుల షెడ్డులో రాళ్ళు కోసే మిషన్ ఆగింది. ఆపింది మిషన్ ముందు నిలబడ్డ సువార్తమ్మ కాదు. మేనేజర్ కౌశల్ వచ్చి గోడ మీది మెయిన్ స్విచ్ దించేశాడు. నీళ్ళ పంపు టక్కున ఆగింది గాని డిస్కు ఆ ఊపులో ఇంకా తిరుగుతూనే ఉంది. నీళ్ళు లేని డిస్కు రాతికి తగిలితే అంచు మాడిపోతుంది. ఆ సంగతి మేనేజరుకు తెలియదో, తెలిసీ పట్టలేదో. సువార్తమ్మే రాతిని చటుక్కున వెనక్కి లాక్కుంది.

"శాంసన్ ఏడి?" అన్నాడు కౌశల్.

శాంసన్ బయట తన ట్రాలీ ఆటోలోకి సంచులు ఎక్కిస్తున్నాడు. ఆరు నెలలుగా అతని పని అదే. సువార్తమ్మ కోసి నంబరు చీటీతో కట్టిన సంచులను నాలుగు సందుల అవతలున్న లాబ్‌కు చేరుస్తాడు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. చిల్కానగర్‌లో సువార్తమ్మ గల్లీలోనే ఉంటాడు. ఇద్దరిదీ ఒకే చర్చి.

"ట్రాలీ తాళం ఇయ్యి."

"ఎందుకు సార్?"

"ఇయ్యమన్న కద."

శాంసన్ తాళం ఇచ్చాడు. చేతులకంటిన రాతిపొడిని ప్యాంటుకు తుడుచుకుని నిలబడ్డాడు. కౌశల్ ఫోను తెరిచి అంకెలు చదివాడు. ఒకే రాయి. సగం ఇక్కడి లాబ్‌లో పరీక్ష చేస్తే టన్నుకు మూడున్నర గ్రాముల బంగారం. పెట్టెలో మిగిలిన రెండో సగాన్ని బెంగళూరులో పరీక్ష చేయిస్తే గ్రాముకు అటూ ఇటూ. నలభై రాళ్ళు పంపితే ముప్పై ఆరు ఇదే తీరు.

"రాయి అబద్ధం చెప్పదు శాంసన్. షెడ్డుకు లాబ్‌కు నడుమ ఈ సంచులు ఎవరి చేతిల ఉంటయి?"

"నా చేతిల్నే ఉంటయి సార్."

"పొడి ఎవరిచ్చిన్రు నీకు? ఎంత కలిపినవ్?"

"పొడి ఏంది సార్?"

కౌశల్ నవ్వాడు. నవ్వు వచ్చి కాదు. ఒట్టి కొండను బంగారు కొండగా చూపించి అమ్ముకోవడానికి సంచుల్లో బంగారుపొడి చల్లే మోసం ఈ వ్యాపారంలో కొత్తది కాదు. షేర్ల దందా చేసేవాళ్ళెవరో శాంసన్‌ను కొన్నారని కౌశల్ అప్పటికే తేల్చుకుని వచ్చాడు. పెట్టుబడి పెట్టేవాళ్ళ తరఫున దీప మేడమ్ సోమవారం బెంగళూరు నుంచి వస్తోందనీ, ఆలోపు నిజం చెబితే సరేననీ, లేకపోతే సోమవారం సాయంత్రానికి పోలీసు కంప్లయింటు ఖాయమనీ చెప్పాడు.

"గట్ల చేసెటోడు కాదు సార్ శాంసన్," అంది సువార్తమ్మ.

"నిన్ను అడిగిన్నా? నీ పని సూస్కో."

శాంసన్ ఆమె వైపు చూడలేదు. ఎక్కించిన సంచులను మళ్ళీ ఒక్కొక్కటే దించి, నంబర్ల వరుస తప్పకుండా గోడ పక్కన పేర్చాడు. దొంగ అన్నాక కూడా పని వరుస తప్పని ఆ మనిషిని చూస్తే సువార్తమ్మకు కౌశల్ మీద ఒళ్ళు మండిపోయింది. శాంసన్ గేటు దాటి నడుచుకుంటూ పోయాడు.

*

మధ్యాహ్నం కరెంటు స్విచ్ ఆమే వేసుకుంది. పని ఆపమని ఎవరూ చెప్పలేదు. పెట్టెలు ఇంకా పదిహేను మిగిలాయి.

కొండకు బోరు వేసి బయటికి తీసే రాతి కడ్డీని కోర్ అంటారు. పిల్లల ముంజేయంత లావు. ఈ కోర్ అంతా ఉత్తరాఖండ్‌లో ధూర్‌గాడ్ అనే కొండది. మోటారు రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి రెండు రోజులు నడిస్తే గాని ఆ కొండ రాదట. అక్కడ తవ్విన రాయి కంచరగాడిదల మీద దిగి, లారీ ఎక్కి, నాచారం వచ్చి సువార్తమ్మ చేతిలో రెండు ముక్కలవుతుంది. ఒక సగం సంచిలోకి. ఒక సగం తిరిగి పెట్టెలోకి, సాక్ష్యంగా.

ఆమె మూర కడ్డీని చెక్క తొట్టిలో బిగించింది. నీళ్ళు వదిలింది. రాయి తడవగానే రంగు తేలింది. నల్లరాయి, దాని పొడవునా ఓ పక్కకు ఒరిగి పారిన తెల్ల గీత, ఆ గీత అంచున ఉక్కు రంగులో సన్నని మెరుపు. తొట్టిని ముందుకు నెట్టింది. డిస్కు కీచుమని, తర్వాత గొంతు దించింది. బూడిద రంగు బురద ఏప్రాన్ మీద చింది ముంజేతుల దాకా పాకింది. చివరి అంగుళంలో నెట్టుడు తగ్గించాలి, లేకపోతే కొస విరుగుతుంది. తగ్గించింది. రెండు సగాలు పుస్తకం తెరిచినట్టు అటొకటి ఇటొకటి పడ్డాయి.

ఎడమ చేతిలోని సగంలో తెల్ల గీత దాదాపు మొత్తం ఉంది. కుడి చేతిలోది ఒట్టి నల్లరాయి. ఎడమ చెయ్యి దానంతట అది సంచి వైపు పోయింది.

పోతూ పోతూ ఆగింది.

సువార్తమ్మ తన చేతిని చూసుకుంది. ఆ చెయ్యి ఆరు నెలలుగా ప్రతి కోతకీ ఇదే పని చేసింది. ఎప్పుడూ ఆలోచించి చేసింది కాదు. లాబ్ అంటే పరాయి ఇల్లు, సంచి అంటే అక్కడికి పంపే పళ్ళెం. పంపేదాంట్లో మంచి ముక్క పెట్టాలి, ఇంట్లో ఉండేదానికి ఏదైనా ఫరవాలేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చేసింది అదే. మొదటి రోజు కౌశల్ "సగం సంచికి, సగం పెట్టెకు" అన్నాడు. ఏ సగమో చెప్పలేదు. గోడకు అంటించిన ఇంగ్లీషు కాగితంలో ఏముందో ఆమెకు రాదు.

మిషన్ ఆపి ర్యాకుల దగ్గరికి పోయింది. ఓ పెట్టె లాగింది. నాలుగు వరుసల్లో సగం కడ్డీలు, కోసిన ముఖం పైకి పెట్టి ఉన్నాయి. బక్కెట్లోంచి చేత్తో నీళ్ళు తీసి చల్లింది. నలుపు. ఇంకో పెట్టె లాగింది. నలుపు, ఎక్కడో ఓ గోరంత తెలుపు. జులైలో కోసినవి చూసింది. ఆగస్టులో కోసినవి చూసింది. పన్నెండు పెట్టెలు తీసేసరికి ఆమె నడుము పట్టేసింది. ధూర్‌గాడ్ కొండలో మెరిసేదాన్నంతా ఏరి ఏరి లాబ్‌కు పంపింది తనే. మిగిలిన రాళ్ళను బెంగళూరు వాళ్ళు తీసుకుపోయి, లేదని చెప్పారు. ఉన్నదీ లేనిదీ విడగొట్టింది కూడా తనే.

శాంసన్ ఏ పొడీ కలపలేదు. అప్పుడే బయటికి పోయి ఫోను చేస్తే అయిపోయేది. చేయలేదు. చెబితే రేపటి నుంచి ఈ షెడ్డు ఉండదు. నలభై ఆరేళ్ళ ఆడమనిషికి మిషన్ మీద పని ఇచ్చేవాళ్ళు నాచారంలో ఎంతమంది ఉన్నారు? అదీగాక కోసిన రాళ్ళు చూసి రాసుకునే చలపతిరావు సారు రేపు వస్తాడు. చదువుకున్నవాడు, ఆయనకు చెబితే ఎలా చెప్పాలో ఆయనే చూస్తాడని అనుకుంది.

*

శనివారం పొద్దున ఎనిమిదింటికి ఆమె డబ్బా సర్దుకుని బయటికి వచ్చేసరికి శాంసన్ ఇంటి ముందు జనం ఉన్నారు. కంపెనీ సెక్యూరిటీ వాళ్ళు ముగ్గురు లోపల సోదా చేస్తున్నారు. పోలీసులు కారు, కాగితం లేదు, అయినా గల్లీలో అడిగినవాడు లేడు. బియ్యం డ్రమ్మును చాప మీద ఒంపేశారు. పిండి డబ్బాలో గరిటె పెట్టి కెలికారు. శాంసన్ చేతులు కట్టుకుని గడప పక్కన నిలబడ్డాడు.

"బంగారం ఎంతున్నదమ్మా ఇంట్ల?" అని ఒకడు శాంసన్ భార్య మరియాను అడిగాడు.

"నా ఒంటి మీదున్నదే."

"తీసి ఇయ్యి. లాబ్‌ల చూసి మళ్ళ ఇస్తరు. రాసిస్తం."

పుస్తెలు అడగలేదు, అంతవరకు నయం. చెవి కమ్మలు అడిగారు. మరియా శీలలు తిప్పుతుంటే వేళ్ళు జారాయి. పెళ్ళినాటి నుంచి తియ్యని కమ్మలు. ఎడమది రాక, శాంసనే వచ్చి తిప్పాడు. అవతలి వాడు వాటిని ప్లాస్టిక్ కవర్లో వేసి, నంబరు రాసి, సువార్తమ్మ రోజూ కట్టే సంచి మూతిలాగే మడిచి పిన్ను కొట్టాడు.

సువార్తమ్మ గేటు దగ్గర నిలబడి అంతా చూసింది. నోరు తెరిచింది కూడా. "వదినె, నువ్వన్న చెప్పు, నువ్వు ఆడ్నే పని చేస్తవ్ కద," అని మరియా అప్పుడే ఆమె వైపు తిరిగింది.

"సార్‌తోని మాట్లాడ్త," అంది సువార్తమ్మ. "పెద్ద సార్ ఇయ్యాల వస్తడు. నేను మాట్లాడ్త."

షెడ్డుకు పోయేసరికి చలపతిరావు వచ్చి తన ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ళు. ప్రభుత్వ భూగర్భ సర్వేలో రిటైరై హబ్సిగూడలో ఉంటున్నాడు. వారానికి మూడుసార్లు వచ్చి రాళ్ళు చూసి రాసుకుంటాడు. కంపెనీ ఆయన్ని వెతికి పట్టుకుంది, ఎందుకంటే ధూర్‌గాడ్ మీద ఇదివరకు బోర్లు వేసినవాళ్ళలో బతికున్న భూగర్భశాస్త్రవేత్త ఆయనొక్కడే.

ఆమె రెండు పెట్టెలు లాగి ఆయన ముందు పెట్టి నీళ్ళు చల్లింది. "సూడున్రి సారూ. మెరిసేది అంత నేనే సంచిలేసిన. ఆరు నెలల నుంచి. శాంసన్ ఏం చెయ్యలే."

ఆయన పెట్టెల వైపు చూడనే లేదు. ఆమె ముఖం వైపు చూశాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"కూర్చో అమ్మా."

ఆమె బోర్లించిన బక్కెట్టు మీద కూచుంది. చలపతిరావు చాలాసేపు కండువాతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత కొండ గురించి మొదలుపెట్టాడు. ఆ కొండ గురించి ఆమెకు ఆయన చెప్పనిది లేదు, అయినా వింది. ఎనభై మూడులో సర్వే తరఫున ఆయన బృందం ఆ కొండకు వెళ్ళింది. అంతకు వందేళ్ళ ముందు ఓ తెల్లదొర, ఆ వాగు ఇసుకలో కొండజనం బంగారం కడుక్కుంటున్నారని తన నోటుబుక్కులో పది వాక్యాలు రాసుకున్నాడు. ఆ పది వాక్యాలే ఆధారం. మూడు ఎండాకాలాలు ఉన్నారు. డ్రిల్లు గొట్టాలతో రెండు కంచరగాడిదలు లోయలో పడిపోయాయి. మిషన్ నిలిపేందుకు కొండకు ఒకే ఒక్క అరుగు ఉంది. అక్కడి నుంచే పదకొండు బోర్లూ వేశారు. తొమ్మిదో బోరులో రెండు మీటర్ల మేర దాదాపు నాలుగు గ్రాములు తగిలింది. ఆ రాత్రే మంచు పడింది. మరుసటి ఏడు ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది, సగటు గ్రాము లేదు, పని మూసెయ్యమని.

"రిటైరయ్యే దాకా ఆఫీసులో నన్ను బంగారం రావు అన్నారు," అన్నాడాయన. "క్యాంటీన్‌లో టీ అబ్బాయి కూడా. నేను తప్పు చెప్పలేదు సువార్తమ్మా. నాకు టైము చాల్లేదు, అంతే."

"మల్ల శాంసన్ సంగతేంది సారూ?"

"శాంసన్‌కేం కాదు. సాక్ష్యం లేదు, కేసు నిలవదు. రెండు రోజులు ఓపిక పట్టు. సోమవారం దీపకు నేను చెబుతాను. నువ్వు చెబితే నీ మీదికి వస్తుంది. నేను చూసుకుంటాను."

"ఇంట్ల బియ్యం కింద పోసిన్రు సారూ. మరియా కమ్మలు తీస్కపోయిన్రు."

ఆయన ఆ మాటకు కళ్ళు దించాడు. "సోమవారం," అన్నాడు మళ్ళీ.

నేను చూసుకుంటాను అన్న మాట సువార్తమ్మకు కావలసిన మాట. అందుకే నమ్మింది. నమ్మడంలో కొంత తన స్వార్థం ఉందని ఆమెకు తెలుసు. తెలిసీ డబ్బా తెరిచి అన్నం తింది.

*

ఆదివారం చర్చిలో కోత పండుగ. ఊళ్ళలో అయితే కొత్త వడ్లు తెస్తారు. చిల్కానగర్‌లో వడ్లెక్కడివి, ఎవరికి తోచింది వాళ్ళు తెస్తారు. పీఠం ముందు గుమ్మడికాయలు, అరటి గెల, కాళ్ళు కట్టిన నాలుగు కోళ్ళు, ఎవరో తెచ్చిన ప్రెషర్ కుక్కర్. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు. సువార్తమ్మ పీర్జాదిగూడ సంతకు పోయి అరగంట వెతికి, మచ్చ లేని గుమ్మడికాయ ఒకటి తెచ్చింది. పెడుతుంటే, మచ్చలున్న రెండో కాయను తన ఇంటికోసం కొన్న సంగతి గుర్తొచ్చింది.

శాంసన్ రాలేదు. మరియా వచ్చింది. చెవి తూట్లు పూడిపోకుండా వాటిల్లో చీపురు పుల్లలు పెట్టుకుంది. ముసుగు ముందుకు లాక్కున్నా, వంగినప్పుడల్లా పుల్లలు కనిపిస్తున్నాయి. ఎప్పుడూ ఆమె పక్కన కూచునే ఇద్దరూ ఆ రోజు ముందు వరుసలోకి పోయారు. వాళ్ళేమీ అనలేదు, ఈ వరుసకు ఫ్యాను గాలి తగలదన్నారు అంతే.

సువార్తమ్మ పోయి ఆ ఖాళీలో కూచుంది.

"మాట్లాడినవా వదినె?" అంది మరియా, పాటల పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"మాట్లాడిన. రేపు అయిపోతది."

"ఏమైపోతది?"

అందరూ పాటకు లేచి నిలబడ్డారు. ఇంత దగ్గరగా, భుజానికి భుజం తగులుతుంటే, నాలుగు మాటలు చెప్పడం ఎంతసేపు? కంపెనీ కాదు, పోలీసు కాదు, మరియాకు చెప్పడానికి అడ్డమేముంది? చెప్పలేకపోయింది. పాట మొత్తం నోరు కదిపింది, అంతే.

*

సోమవారం దీప తొమ్మిదిన్నరకే వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి, కొండలెక్కే బూట్లు, వరంగల్ మాట. కౌశల్ కుర్చీ తెప్పిస్తే కూచోలేదు. శాంసన్‌ను కూడా పిలిపించారు. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు. చలపతిరావు తన ప్లాస్టిక్ కుర్చీలో తోలు సంచీ ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు.

కౌశల్ చెప్పుకుపోయాడు. సంచులు ఎన్ని గంటలకు బయలుదేరాయి, ఎన్నింటికి చేరాయి, ఏ రోజు పదిహేను నిమిషాలు ఆలస్యం, శాంసన్ ఇంట్లో తీసుకున్న కమ్మలు ఎక్కడున్నాయి. సువార్తమ్మ చలపతిరావు వైపు చూస్తూ నిలబడింది. ఆయన ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు చెబుతాడు. ఆయన సంచీ బకిలు పెడుతున్నాడు, తీస్తున్నాడు.

కౌశల్ చెప్పడం అయిపోయింది. దీప కంప్లయింటు కాగితం చేతికి తీసుకుంది.

"మేడమ్," అంది సువార్తమ్మ. "శాంసన్ కాదు. నేను."

దీప తిరిగింది.

"కలిపింది ఏం లేదు. నేను ఏరిన. కోసినంక మెరిసే సగం సంచిలేసిన, నల్లది పెట్టెలేసిన. మంచిది పంపాలె అన్కున్న. తప్పు అని ఎర్కలే. శుక్రారం పెట్టెలు తీసి చూసినంక తెల్సింది."

కౌశల్ వెంటనే అందుకున్నాడు. "మేడమ్, వీళ్ళిద్దరు ఒకటే గల్లీ, ఒకటే చర్చి. వాన్ని కాపాడనీకి చెప్తున్నది. ప్రతి కోర్ మీద కోత గీత నేనే గీస్త. షీట్ల నా సంతకం ఉంది. గీత మీద కోస్తే రెండు సగాలు సమానం వస్తయి, ఏరనీకి ఏముంటది?"

"గీత ఎన్నడు గీసిన్రు సార్ మీరు?" అంది సువార్తమ్మ. గట్టిగా అనలేదు. "చాక్ పీసు డబ్బా సీలు కూడ తియ్యలే. గా అలమారల్నే ఉన్నది."

దీప అలమార వైపు చూసింది, కౌశల్ వైపు చూసింది. తర్వాత చలపతిరావును అడిగింది. "సర్, ఆరు నెలలు మీరు ఇక్కడే కూర్చున్నరు. ఈమె ఏరుతుంటే ఎన్నడన్న చూసిన్రా?"

చలపతిరావు దీప వైపు గాని, సువార్తమ్మ వైపు గాని చూడలేదు.

"నేను గమనించలేదమ్మా," అన్నాడు. "నా చూపు అంత బాగాలేదు."

సువార్తమ్మకు చెంపదెబ్బ తిన్నట్టయింది. జులైలో ఒక రోజు ఆమె తొందరలో సగాలు తారుమారు చేసి నల్లది సంచిలో వెయ్యబోతే, ఈ మనిషే కుర్చీలోంచి లేచొచ్చి, వేలితో ఆ ముక్కను పక్కకు తోసి, రెండోదాన్ని సంచిలోకి జార్చాడు. బాగుందమ్మా అన్నాడు. ఆ రోజు ఆయన పలకరింపుకు సంతోషపడింది తను. శనివారం ఆయన పెట్టెల వైపు ఎందుకు చూడలేదో ఇప్పుడు తెలిసింది. ఆయనకు కొత్తగా చూడడానికి ఏమీ లేదు.

ఆ మాట అనబోయింది. అంటే ఎవరు నమ్ముతారు? ఏప్రాన్ తొడుక్కుంది. మిగిలిన పెట్టెల్లోంచి ఓ మూర కడ్డీ తీసి తొట్టిలో బిగించి, నీళ్ళు వదిలి కోసింది. రెండు సగాలు రెండు చేతుల్లో పట్టుకుని దీపకు ఎదురుగా పోయి నిలబడింది. బురద నీళ్ళు దీప బూట్ల మీద కారాయి.

"మీరే సూడున్రి. రెండు ఒక్క తీరు ఉన్నయా?"

దీప తడి ముఖాలను రెంటినీ వెలుతురుకు తిప్పి చూసింది. లాప్‌టాప్ తెరిచింది. ఏదో వెతికింది, రెండు పట్టికలు పక్కపక్కన పెట్టింది. సువార్తమ్మకు తెర మీద అంకెలు తప్ప ఏమీ తెలియలేదు. దీప చాలా నిదానంగా చెప్పింది, కౌశల్‌కు కాదు, తలుపు దగ్గరున్న శాంసన్‌కు వినబడేలా.

"ఈ కొండల బంగారం ఒంటరిగ ఉండదు. ఆర్సెనిక్ ఉన్న ఖనిజంతోని కలిసి ఉంటది. ఈ మెరుపు అదే. ఎవరన్న పొడి కలిపితే సంచిల బంగారం ఒక్కటే పెరగాలె. ఇక్కడ ఆర్సెనిక్ కూడ మూడంతలు పెరిగింది. దొంగ బంగారం కలుపుతడు గని ఆర్సెనిక్ ఎందుకు కలుపుతడు? ఇది కలిపింది కాదు. ఏరిందే."

తర్వాత చలపతిరావు వైపు తిరిగింది. "సర్, ఈ ఆర్సెనిక్ పట్టిక మీద ప్రతి నెల మీ సంతకం ఉంది. నేను పావుగంటల చూసిన. మీకు కనపడలేదా?"

ఆయన తోలు సంచీ కింద పెట్టాడు. కళ్ళద్దాలు తీశాడు. అద్దాలు లేని ఆ ముఖం ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"కనబడింది," అన్నాడు. "జులైలోనే కనబడింది. ఈమె చెయ్యి కూడా చూశాను. ఒకసారి నేనే మార్చి వేశాను." అద్దాలు చేతిలోనే పట్టుకుని, "నలభై ఏళ్ళ తర్వాత ఎవరో నా కొండను మంచిదన్నారు దీపా. వద్దనలేకపోయాను," అన్నాడు.

శాంసన్ సంగతి అడిగినా ఈయన సోమవారం అన్నాడు, కమ్మల సంగతి చెప్పినా సోమవారమే అన్నాడు. సువార్తమ్మకు ఆయన మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ కోపం నిలిచేలోపే ఆయన లేచి, ఆమె చేతుల్లోని రెండు సగాల్లోంచి మెరుపున్నదాన్ని తీసుకున్నాడు. బొటనవేలితో ఒకసారి రుద్ది పెట్టెలో పెట్టాడు. నల్లది ఆమె చేతిలోనే మిగిలింది.

దీప కంప్లయింటు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన బ్యాగులో వేసుకుంది. పని ఈరోజుతో ఆపమంది. కంపెనీ వేసిన పద్నాలుగు బోర్ల రాళ్ళూ మళ్ళీ మొదటి నుంచి పరీక్ష చెయ్యాలని, వాటిలో సగటు గ్రాము దాటకపోతే కొండ మళ్ళీ మూసేస్తారని చెప్పింది. కౌశల్‌ను షీట్లన్నీ తెమ్మంది. మరియా కమ్మలు మధ్యాహ్నానికల్లా ఇంటికి చేరాలని, చేర్చాల్సింది అతనేనని కూడా చెప్పింది. కౌశల్ బల్ల మీది ట్రాలీ తాళాన్ని శాంసన్ వైపు జరిపాడు. చేతికి ఇవ్వలేదు.

సువార్తమ్మ ఏప్రాన్ విప్పి మడిచి మిషన్ మీద పెట్టింది. డబ్బా తీసుకుని బయటికి వచ్చింది. పని పోయింది. పోతుందని శుక్రవారమే తెలుసు కాబట్టి అది అంత బరువుగా లేదు. చెప్పేశాను, తేలిపోయింది, శాంసన్ బయటపడ్డాడు అనుకుంటూ, మూడు రోజుల తర్వాత మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకుంది.

శాంసన్ ట్రాలీ వెనక తలుపు కొక్కెం బిగిస్తున్నాడు. ఆమె దగ్గరికి వచ్చేదాకా చూడలేదు.

"శుక్రారమే ఎర్కైందా అక్కా నీకు?"

ఆమె ఆగిపోయింది. లోపల ఆ మాట అన్నది తనే. మేడమ్‌కు చెప్పింది, శాంసన్ వింటాడని తోచలేదు.

"ఆ. శుక్రారం మధ్యాహ్నం."

"శనారం మా బియ్యం ఒంపుతుంటే నువ్వు గేటు కాడ ఉంటివి."

"ఉంటి."

"నిన్న చర్చిల మరియా పక్క పొంటి కూసున్నవట."

సువార్తమ్మ తలూపింది. పెద్ద సారు సోమవారం దాకా ఆగమన్నాడని చెప్పడానికి నోటి దాకా వచ్చింది. ఆ మాట ఇప్పుడు ఎంత చిన్నదో ఆమెకే తెలిసింది.

"నేను పోయి మరియాకు చెప్పుకుంట శాంసన్. ఇయ్యాల్నే వస్త."

శాంసన్ కొక్కెం మీద చెయ్యి తియ్యలేదు. కోపంగా లేడు. కోపంగా ఉంటే ఆమెకు బాగుండేది.

"ఇయ్యాల రాకు," అన్నాడు. "రేపు గూడ వద్దు. ఎప్పుడు రావాల్నో నేనే చెప్త."

ట్రాలీ స్టార్ట్ చేసి, ఆమె కాలికి తగలకుండా జాగ్రత్తగా వెనక్కి తీసుకుని, మల్లాపూర్ వైపు తిప్పుకుని వెళ్ళిపోయాడు. సువార్తమ్మ డబ్బా సంచి చంకలో పెట్టుకుని బస్ స్టాప్ వైపు నడిచింది.